పిన్ని ఎండ, మా గది

రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే ఆ మూలనున్న బొంత లాక్కోండి. మా ఇంట్లో దేనికైనా వెలితి ఉండిందేమోగానీ బొంతలకు ఏనాడూ లేదు. నేను చదువుకున్నది తక్కువ, గుర్తుపెట్టుకున్నది ఎక్కువ. గుంటూరులో మా సందులో మొదటి మేడగది ఎలా లేచిందో చెబుతాను, వినండి. ఆ గది నాకోసమే కట్టారు. అది కట్టబోయి పక్కింటావిడ ఎండకు అడ్డంపడ్డారు. ఆ గదికీ ఈ ఎండకీ నడుమ నేను నలిగిన ఏడాది సంగతి ఇది.

మా పుట్టిల్లు దర్శి పక్కన పల్లె. మేం సాయిబులం. అయినా మా ఇళ్ళలో మాట తెలుగే, తిట్టు తెలుగే, లాలిపాట తెలుగే. నమాజు ఒక్కటే అరబ్బీ. మా అత్తింటివాళ్ళ పని దూది ఏకడం, పరుపులూ బొంతలూ కుట్టడం. పెళ్ళిచూపుల నాడు మా నాయన అడిగిన మాట ఒక్కటే.

"బావా, మా పిల్లకి తలుపు వేసుకునే గది ఉందా మీ ఇంట్లో?"

మా మామ అబద్ధం ఆడలేని మనిషి. "ఇప్పటికి లేదు బావా. వచ్చే ఏటికి కడతా" అన్నాడు.

ఆ మాట మీద నేను కాపురానికి వచ్చాను. వచ్చి చూస్తే పెంకుటింట్లో ముందుగది నిండా దూది. నడింట్లో అత్త, నేను, ఆడబిడ్డ. అరుగు మీద మామ, మా ఆయన, ఇద్దరు మరుదులు. వెనక ఒక గది, దానికి పైన మిద్దె. అందులోనే వంట, అందులోనే గింజల బానలు. కొత్తగా పెళ్ళయినవాళ్ళమని మా అత్త అప్పుడప్పుడూ ముందుగది మాకు వదిలేది. దూదిలో పడుకుంటే ఒళ్ళు మెత్తగానే ఉంటుంది, పరువే దక్కదు. పొద్దున్నే నీళ్ళకు వెళితే నా జడలో దూది చూసి కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకునేవారు. "ఏమ్మా, రాత్రి మంచు కురిసిందా మీ ఇంట్లో?" అని ఒకావిడ అంటే, నేను బిందె సగం నిండకముందే ఎత్తుకుని పరిగెత్తాను.

మా ఆయనా నేనూ నాలుగు మాటలు చెప్పుకోవాలన్నా చోటు లేదు. ఆయన పగలు దూది ఏకుతుంటే నేను ఎదురుగా కూర్చుని గింజలు, చెత్త ఏరేదాన్ని. ఏకే విల్లు టంగుటంగుమని మోగుతుంటే ఆ మోతలో మా మాటలు ఎవరికీ వినబడేవి కావు. విల్లు ఆగితే మేమూ ఆగేవాళ్ళం. "ఏందిరా, ఇంత దూది ఇంతసేపు ఏకుతున్నావు? అది దూదా, దారమా?" అని మామ అరుగు మీద నుంచి కేకేసేవాడు.

అవి రాజధాని కర్నూల్లో, హైకోర్టు మా గుంటూరులో ఉన్న రోజులు. కోర్టుతోపాటు వకీళ్ళు, గుమస్తాలు, వాళ్ళ సంసారాలు వచ్చిపడ్డాయి. వైద్యం చదివే పిల్లలు, పొగాకు బేరగాళ్ళు, మిరపకాయల బేరగాళ్ళు అంతకుముందే ఉన్నారు. ఇల్లు దొరకడం అంటే పిల్ల పెళ్ళి కుదరడం కన్నా కష్టమైంది. మా ఎదురింటి పెద్దాయన తన అరుగులో సగానికి తడిక కట్టించి, ఒక కోర్టు గుమస్తా గారికి అద్దెకిచ్చాడు. గుమస్తా గారు, ఆయన భార్య, పసిపిల్ల ఆ తడిక వెనకే కాపురం. అంతకుముందు ఇరుకు సందుల్లో మేడ వద్దనే మునిసిపాలిటీవాళ్ళు కూడా, జనం పోటెత్తాక, ఇరుగుపొరుగుకు అభ్యంతరం లేకపోతే కట్టుకోమన్నారు.

మా మామ వెనకగది మిద్దె మీద ఒక గది లేపుతానని చెప్పి, ఒక సాయంత్రం ఇరుగుపొరుగును అరుగు మీదికి పిలిచాడు. నేను తలుపు చాటున నిలబడి ఊపిరి బిగబట్టి విన్నాను. నా గది కదా మరి.

మొదట లేచింది ఎదురింటి పెద్దాయనే. "ఏమయ్యా సాయిబూ, మన సందెంత? ఎద్దులబండి వస్తే మనిషి గోడకి అంటుకోవాల. రెండువైపులా మేడలు లేస్తే ఇది సందు కాదు, బావి. బావిలో కాపురం చేద్దామా?"

గుమస్తా గారు మెత్తని మనిషే, కానీ ఆయనకు ఆ రోజు మనసు మండింది. "మీరు పెద్దవారు, కోప్పడకండి. ఊళ్ళో ఇల్లు లేక నేను తడిక వెనక తలదాచుకుంటున్నానండి. పైన ఆకాశమంతా ఖాళీగా పెట్టుకుని, కింద ఒకళ్ళ మీద ఒకళ్ళం పడుకోవడం ఏం న్యాయమండి?"

"ఖాళీగా ఉండబట్టే నాయనా దాన్ని ఆకాశం అంటారు! నా అరుగు మీద ఉంటా నా మాటకే అడ్డమొస్తావా?"

"అరుగుకి అద్దె ఇస్తున్నానండి. మాటకి కూడా ఇవ్వాలా?"

అందరూ నవ్వారు. పెద్దాయనకూ నవ్వొచ్చింది గానీ మీసం అడ్డం పెట్టుకున్నాడు. అంతలో సందు చివరింటి ఆవిడ, "మేడ మీద నుంచి చూస్తే మా పెరళ్ళన్నీ కనబడతయ్యి. ఆడవాళ్ళం నీళ్ళెట్టా పోసుకోవాల?" అంది. మా అత్త ఊరుకునే మనిషా? "నా కోడలు కిటికీలో కూచుని మీ వీపులు లెక్కబెడద్దంటావా?" అని లేచింది. మామ చెయ్యి అడ్డుపెట్టి, "పెరళ్ళ వైపు కిటికీ పెట్టను. మాట" అన్నాడు. ఆ సంగతి అంతటితో సద్దుమణిగింది.

చివరగా మిగిలింది మా ఉత్తరపు గోడ అవతలావిడ. మా మామని 'అన్నా' అని పిలిచేది గనుక నాకు పిన్ని వరస. అత్తింటి వీధిలో నాకు దొరికిన పుట్టింటి వరస అది. భర్త పోయాక పిన్ని కారం కొట్టి అమ్ముతూ బతుకుతోంది. ప్రత్తిపాడు వైపు నుంచి బండ్ల మీద వచ్చే కాయ కొనేది, పెరట్లో ఆరబోసేది, తొడిమలు తీసి రోట్లో దంచేది. గుంటూరు హోటళ్ళ సాంబారులో సగం పిన్ని కారమే. మధ్యాహ్నాలు నేను గోడ దాటి వెళ్ళి తొడిమలు తీసిపెట్టేదాన్ని. చేతులు మండితే మజ్జిగ పోసి కడిగేది, తల్లి కడిగినట్టు. మా దూది నలుసులు ఎగిరి వచ్చి తన కాయల మీద వాలితే మాత్రం గోడ మీదుగా, "అన్నా, నీ దూది నా కారంలో పడితే తిన్నోళ్ళ కడుపులో పరుపు తయారవుద్ది!" అని అరిచేది.

ఆ సాయంత్రం పిన్ని ఒకటే అంది. "నాకు కిటికీతో పని లేదన్నా. నా కాయల మీద నీడ పడకపోతే చాలు. ఎండే నా ఆస్తి."

"నీడ ఎక్కడ పడుద్దో చూసే కడతాను చెల్లెమ్మా" అన్నాడు మామ.

అన్నట్టే చూశారు కూడా. మా వృత్తిలో చలికాలం వస్తే పరుపుల పనికి ఊపిరి సలపదు. వేసవిలో చేతులు ఖాళీ, అమ్ముడుపోని బొంతలు ఇంటినిండా. అందుకని రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, మిద్దె మీద నాలుగు వెదుళ్ళు నిలబెట్టి గది ఎంత ఎత్తు లేవాలో అంత ఎత్తున చుట్టూ బొంతలు కట్టారు. ఎర్రవి, పచ్చవి, గళ్ళవి. దారినపోయేవాళ్ళు తలెత్తి, "ఏం సాయిబూ, పైన డ్రామా కంపెనీ దిగిందా?" అని అడిగిపోయారు. గుమస్తా గారు సుద్దముక్క పట్టుకుని నీడ వెంట గీతలు గీశారు. పొద్దున చూశారు, నడిమధ్యాహ్నం చూశారు, పొద్దువాలే వేళ చూశారు. నీడ మా వాకిట్లోనే అటూ ఇటూ తిరిగింది గానీ పిన్ని పెరట్లోకి జానెడు కూడా పోలేదు.

పిన్ని తన కాయల మధ్య నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మూడుసార్లూ స్వయంగా చూసుకుంది. "ఇంకేమన్నా! కట్టుకోండి. పిల్లకి జడలో దూది బాధ వదులుద్ది" అంది. నేను సిగ్గుతో వంటగదిలోకి పారిపోయాను. పెద్దాయన కూడా, "నాకిష్టం లేదు. అయినా అడ్డం పడను" అన్నాడు.

అక్కడే ఉంది పొరపాటు. చలికాలంలో పొద్దు దక్షిణానికి ఒరిగి నడుస్తుందని పల్లెలో పుట్టిన నాకు తెలుసు. పొలం చేసిన పెద్దాయనకు తెలుసు. కాయలతో తలపండిన పిన్నికి తెలుసు. తెలిసినవాళ్ళమందరం రోహిణి ఎండలో నిలబడి ఆ సంగతి మరిచిపోయాం. తీరిక దొరికిన కాలంలో నీడ కొలిచాం. కొత్త కాయ వచ్చే కాలంలో కొలవలేదు.

వానలు వెళ్ళాక ఇటుక దించారు. పరుపుల పని మధ్యలో, చెయ్యి ఆడినప్పుడల్లా కొంచెం కొంచెంగా కట్టుకుంటూ సంక్రాంతి దాటేసరికి గోడలు గుండెల ఎత్తుకు వచ్చాయి. నేను రోజూ ఏదో వంకతో మెట్లెక్కి, తలుపు రావలసిన చోట నిలబడి, లేని తలుపును తీసి వేసినట్టు చేతులు ఆడించి దిగేదాన్ని. మా ఆయన ఒకసారి చూసి, "గడియ పెట్టావా?" అని అడిగాడు.

మాఘమాసంలో కొత్త కాయ దిగింది. బండి మీద వచ్చిన కాయకు ఇంకా పచ్చితడి ఉంటుంది. వెంటనే ఎండ తగలకపోతే రంగు పోయి తెల్లబారుతుంది, దాన్ని తాలు అంటారు, ఆ కాయను ఎవరూ కొనరు. పిన్ని పెరడంతా పరిచింది. పొద్దున మా గోడ నీడ ఆ ఎరుపు మీద నల్లటి దుప్పటిలా పడింది. పిన్ని కాయలను పక్కకు జరిపింది. నీడ వాటి వెంటే వచ్చింది. మళ్ళీ జరిపింది. చివరికి అవతలి గోడ దాకా జరిపి, ఇక జరపడానికి చోటు లేక నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. నేను ఆ పైన, లేని తలుపు దగ్గరే ఉన్నాను. పిన్ని తలెత్తి చూసింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటేనే బాగుండేది.

మా మామని మాత్రం వాకిట్లోకొచ్చి నిలదీసింది. "ఏమన్నా, నా ఎండేది?"

మామ తలెత్తి మిద్దె మీది గోడ వంక చూశాడు.

"సుద్దతో గీతలు గీశారే, బొంతలు కట్టారే! నేనూ గుడ్డిదాన్ని, చూసి సరేనన్నా. ఇప్పుడు నా కాయ తాలుపోతే నేనేం అమ్మాల? నీడ అమ్మాలా?"

ఆ కేకలకు సందంతా పోగైంది. పెద్దాయన రానే వచ్చాడు. "నేను చెప్పలా? బావి అని చెప్పలా?"

"మీరు బావి అన్నారు, నీడ అనలేదండీ" అన్నారు గుమస్తా గారు. పిన్ని ఆయన వైపు తిరిగి, "కోర్టులో ఉంటావు కదయ్యా, చట్టం ఏమంటది?" అని అడిగింది. ఆయన తల గోక్కున్నారు. "ఇంటి కిటికీలోకి వచ్చే వెలుతురుకి హక్కు ఉందమ్మా. మిరపకాయలకి ఉన్నట్టు నేను ఎక్కడా చూళ్ళేదు."

ఎవరూ నవ్వలేదు. మామ మెల్లగా తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు. "చట్టం ఎందుకు చెల్లెమ్మా? నీడ పడదన్నాను, పడింది. రేపు గోడ దించేస్తా." అని నడింటి వైపు చూడకుండా, నాకు వినబడేలా అన్నాడు, "మా కోడలికి ఇంకో దారి చూసుకుంటాం."

మా అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు ఏడుపు రాలేదు, బాధలు మాత్రం రెండు. గది పోతుందన్న బాధ ఒకటి. పిన్ని కాయల మీద పడ్డది నా గది నీడే కదా అన్న బాధ ఒకటి. మా ఆయన విల్లు పక్కన పెట్టి కూర్చున్నాడు. ఆ రోజు మా ఇంట్లో మోత లేదు, మాటా లేదు.

మర్నాడు పొద్దెక్కాక మామ గునపం తీసుకుని మెట్లెక్కబోతుంటే, పిన్ని గోడ తిరిగి మా ఇంట్లోకి వచ్చింది. "ఉండన్నా. ఎంత దించితే నా ఎండ నాకొస్తదో నేను చూసి చెబుతా. ఉత్తపుణ్యానికి మొత్తం ఎందుకు పడగొట్టుకుంటావు?" అంది. కోపంలో కూడా పిన్ని లెక్క మా వైపే వేసింది. మామ వెనక ఆవిడ, ఆవిడ వెనక మేమంతా పైకెక్కాం.

పైన కప్పులేని గదిలో ఎండ ఎట్లా ఉందనుకున్నారు? తళతళా కాస్తోంది. దక్షిణపు గోడ వారన కాస్త వదిలేస్తే నేలంతా వేడి. పిన్ని గోడ సంగతి మరిచి, చెప్పులు వదిలి, పాదం నేలకు ఆనించి చూసింది. చుట్టూ తిరిగింది. పైకి చూసింది. "ఓసి దీని తస్సాదియ్యా! ఇక్కడుందే నా ఎండ!" అంది.

మామ గునపం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"చుట్టూ గోడ. కోడి రాదు, కుక్క రాదు, కాలిబాట దుమ్ము రాదు. అన్నా, ఆ గునపం కింద పెట్టు. పిల్లా, తట్ట తేపో!"

నేను ఎప్పుడు దిగానో, ఎప్పుడు పిన్ని పెరట్లో తట్ట నింపానో నాకే తెలియదు. మధ్యాహ్నానికి మా గది నిండా మిరపకాయలు. మా ఆయన మెట్ల మీద నుంచి తొంగి చూసి, "మనకన్నా ముందు ఇవి కాపురం పెట్టాయే!" అన్నాడు. ఆ కాయ ఎండేదాకా మా గదికి కప్పు వేయలేదు. ఆ యేడు కాయ బండి తర్వాత బండి వస్తూనే ఉంది, నేను దూదిలోనే పడుకుంటూ వచ్చాను. కుళాయి దగ్గర, "ఇప్పుడు జడలో దూదీ కారమూ రెండూనా?" అని కొత్త ఎగతాళి మొదలైంది. నేనూ ఈసారి పరిగెత్తకుండా, "రండి, ఇద్దరం కలిసి దులుపుకుందాం" అన్నాను.

చైత్రంలో కప్పు మాట వచ్చినప్పుడు మామ పెంకుల సంగతి ఎత్తలేదు. పెంకుల మీద కాయ ఆరబొయ్యలేరు గదా. నాపరాళ్ళు పరిపించి, పైన సున్నం గచ్చు చేయించి, పిట్టగోడ కట్టించాడు. మా గది పైకప్పు పిన్ని కళ్ళం అయింది. బయటి వైపు నుంచి మెట్లు పెట్టారు, ఆవిడ వస్తూ పోతూ మా తలుపు తట్టే పని లేకుండా. తట్టలు మోసి పిన్ని మోకాళ్ళు పట్టేస్తుంటే మా ఆయన బావికి వేసే గిలక ఒకటి తెచ్చి పిట్టగోడకు బిగించాడు. కింద పిన్ని పెరట్లో తట్ట కడితే పైన నేను తాడు లాగేదాన్ని.

గదికి తలుపు పెట్టిన నాడు మా అత్త బిస్మిల్లా అని గడప మీద పాలు చిలకరించింది. నేను గడియ పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. మా ఆయన మంచం మీద కూర్చుని చూస్తూ, "ఇప్పుడు మాట్లాడొచ్చుగా, విల్లు అక్కర్లేదు" అన్నాడు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. అంతలో పైన కాయల ఘాటు కిటికీలోంచి దిగింది. ఇద్దరం ఒకేసారి తుమ్మాం. అరుగు మీద నుంచి మామ, "చిరాయుష్షు!" అన్నాడు. తలుపున్నా ఏం లాభం చెప్పండి!

అన్నీ సర్దుకున్నాయని మాత్రం చెప్పను. చలికాలంలో పిన్ని పెరడు చల్లబడిపోయింది. ఆవిడ మల్లెపాదుకు పూత తగ్గింది. తలంటుకున్న రోజు జుట్టు ఆరబెట్టుకోవడానికి కూడా మా పైకే రావలసి వచ్చేది. "నా ఇంట్లో నాకు పొద్దు లేకుండా చేశారు కదే" అని నవ్వుతూనే అనేది. ఆ నవ్వు కింద కొంచెం నిజం ఉండేది. నేను ఆవిడ జుట్టు చిక్కు తీసేదాన్ని.

ఆ తర్వాత రాజధాని హైదరాబాదయింది, కోర్టు అక్కడికి తరలిపోయింది. గుమస్తా గారు సంసారాన్ని బండెక్కించి కన్నీళ్ళు పెట్టుకుని వెళ్ళారు. ఇక ఇళ్ళన్నీ ఖాళీ అని పెద్దాయన ఆశపడ్డాడు. ఎక్కడ? తడిక వెనకకు వారం తిరక్కుండా కొత్త కాపురం దిగింది.

మాఘంలో నాకు ఆ గదిలోనే ఆడపిల్ల పుట్టింది. సరిగ్గా కొత్త కాయ బండ్లు దిగే రోజులు. పసిపిల్ల ముక్కులోకి ఘాటు పోతే ఏమవుతుందోనని మా అత్తకు గుబులు. అడగడానికి నోరు రాలేదు ఎవరికీ. పురిటి మంచం పక్కన కూర్చుని బిడ్డను చూసిన పిన్ని తనే లేచి పైకెళ్ళి, ఆరబోసిన కాయంతా తట్టలకెత్తింది. గిలక కిర్రుకిర్రుమంటూ తట్టలు కిందికి దిగుతున్న చప్పుడు నేను మంచం మీద నుంచి విన్నాను.

"పిన్నీ, కాయ తాలుపోద్ది" అన్నాను.

"పోతే కాయే పోద్ది. నువ్వు కళ్ళు మూసుకో."

కాయ పోలేదు. ఎదురింటి పెద్దాయన తన వెనక దొడ్డిలో గేదెల్ని తోలేసి, పేడ ఎత్తించి, అలికించి, మా వాకిట్లోకి వచ్చి గట్టిగా, "ఏమమ్మా, మా దొడ్డికి ఎండ బాగానే తగులుద్ది. తెచ్చి పోసుకో. పిల్ల నడిచిందాకా అక్కడే పోసుకో" అన్నాడు. మా మామ ఆయన కాళ్ళు పట్టుకోబోతే, "నేను మేడకి ఒప్పుకోలా సాయిబూ, గుర్తుపెట్టుకో" అని వేలు చూపించి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ సందులో రెండువైపులా మేడలే. పెద్దాయన చెప్పిన బావి కొంచెం నిజమే అయింది. మధ్యాహ్నం తప్ప కింద వెలుగు తక్కువ. అయినా ఒక్కో మేడలో ఎవరో ఒక కొత్తకోడలు గడియ పెట్టుకుని ఉంటుందని తలుచుకుంటే నాకు కోపం రాదు. కట్టేటప్పుడు పక్కింటికి ఒక మాట చెప్పి, వాళ్ళ పెరట్లోకి ఒకసారి, అదీ చలికాలంలో, తొంగి చూసి కడితే చాలు.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇంట కొత్తగా వచ్చిన పిల్లకు ఒక తలుపు దొరకాలి, పాతగా ఉన్న పెద్దలకు ఒక ఎండపొడ దొరకాలి. ఇరుకైతే కొత్త గది లేవాలి. మీరూ, మీ పిల్లలూ, మీ గోడ అవతలివాళ్ళూ పదికాలాలు పచ్చగా ఉండండి.